లాన్ మీద చారలు

కరోనా తర్వాత ఫంక్షన్ హాళ్లు మళ్లీ తెరుచుకుని, వాయిదా పడ్డ పెళ్లిళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి జరుగుతున్న ఏడాది అది. కంకిపాడులో బందరు రోడ్డు పక్కన నా వెల్డింగ్ షాపు. ట్రాక్టరు ట్రక్కులకు డోర్లు, పొలం దమ్ములో తిరిగే ఇనప చక్రాలకు అతుకులు, ఇళ్లకు గేట్లు, ముప్పై ఏళ్లుగా ఇవే నా పనులు. లాన్ అనే మాట అప్పటిదాకా నా షాపు గడప తొక్కలేదు. మా వైపు గడ్డంటే గేదె తినేది. దాన్ని నీళ్లు పెట్టి పెంచి, మిషను పెట్టి కోసి, గేదెకు కూడా వెయ్యకుండా పారేసే మహానుభావులుంటారని నాకు తెలీదు.

ఒక సోమవారం పొద్దున షట్టరు సగం ఎత్తానో లేదో, ఒక పెద్దాయన కుంటుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఊరి చివర ఫంక్షన్ హాల్లో లాన్ చూసుకునే సాంబయ్య గారు. పెడన దగ్గర పల్లెలో ముప్పై ఐదేళ్లు గుంట మగ్గం మీద చీరలు నేసి, నేత గిట్టుబాటు కాక మగ్గం అమ్మేసుకుని, భార్యతో ఇటు వచ్చేసిన మనిషి. హాలు వెనక గదిలో కాపురం. ఆ గది కూడా ఆ పనితో వచ్చిందే.

"మస్తాన్ గారూ, కూర్చుని గడ్డి కోసేట్టు ఒక బండి చేసి పెడతారాండీ?" అన్నారు.

"కూర్చుని కొయ్యడమేంటండీ, కొడవలి పట్టుకున్నోళ్లంతా కూర్చునే కోస్తారుగా?" అన్నాను. నా నోరు అంతే, ఎదుటి మనిషి కష్టం వినకముందే వేళాకోళం.

ఆయన నవ్వేశారు. తర్వాత విషయం చెప్పారు. హాలు వాళ్లు సెకండ్ హ్యాండ్‌లో ఒక లాన్ మోవర్ కొన్నారు. సెల్ఫ్ ప్రొపెల్డ్ రకం, అంటే ఇంజను బ్లేడుతో పాటు చక్రాలనూ తిప్పుతుంది. నెట్టక్కర్లేదు, హ్యాండిల్ పట్టుకుని వెనక నడిస్తే చాలు. ఆ నడకే ఆయన వల్ల కావడం లేదు. పది వరసలు నడిచేసరికి తుంటి పట్టేస్తోంది. ఎకరం లాను మూడు రోజులు పడుతోంది. ఈ మూల కోసేసరికి ఆ మూల పెరిగి కూర్చుంటోంది. ఆదివారం పెద్ద పెళ్లి, అదీ లాన్ మీదే. మేనేజరు గారు మర్యాదగానే చెప్పేశారట: "శుక్రవారం పొద్దున వచ్చి చూస్తాను సాంబయ్యా. బాగుంటే నువ్వే ఉండు. లేకపోతే బెజవాడ నుంచి కాంట్రాక్టు మనుషుల్ని పిలుస్తా, ఏమీ అనుకోవద్దు."

"పని పోతే పోయిందండీ, గది పోద్ది. ఆవిడ్ని తీసుకుని ఎక్కడికెళ్లను?" అన్నారు సాంబయ్య గారు. ఆ మాటతో నా వేళాకోళం గొంతులోనే ఆగిపోయింది.

సరే, మోవర్ వెనక తగిలించుకునే చిన్న రెండు చక్రాల సీటు బండి చేద్దామనుకున్నాం. ట్రక్కులు చేసినవాడికి ఇదో లెక్కా అని నా ధీమా. తగిలించే చోటును మా పనిలో హిచ్ అంటాం. ట్రాక్టరుకైనా మోవరుకైనా ముందున్నది లాగాలి, వెనకున్నది రావాలి, అంతేగా! మందపాటి ఇనప ఛానల్ ముక్కలతో మంగళవారం మధ్యాహ్నానికల్లా బండి సిద్ధం చేశాను. అన్నం పట్టుకొచ్చిన మా ఆవిడ దాన్ని ఓ చూపు చూసి, "ఏనుగేమన్నా కూర్చుంటదా?" అంది. నాకు కోపం వచ్చింది. సాయంత్రం హాలుకు పట్టుకెళ్లి తగిలిస్తే మోవర్ రెండడుగులు వేసి గుడ్లు తేలేసింది. నా బండి సన్న చక్రాలు లాన్‌లో రెండు గాళ్లు తీసి పెట్టాయి. వడ్ల బస్తాలు మోసే ట్రక్కు అలవాటుతో గడ్డి మీద తిరిగే కుర్చీని చేశానన్నమాట.

బుధవారం సన్న పైపుతో మళ్లీ కట్టాను. వెడల్పాటి టైర్లు హనుమాన్ జంక్షన్ నుంచి తెప్పించాను. సీటుకు పాత స్కూటరు సీటు. హిచ్ నుంచి సీటు దాకా వచ్చే దూలానికి అటూ ఇటూ కాళ్లు పెట్టుకోడానికి రెండు పలకలు అతికించాను. గురువారం పొద్దున సాంబయ్య గారు ఎక్కి కూర్చుంటే బండి చక్కగా కదిలింది. ఆయన మొహం చూడాలి, పెళ్లికొడుకు ఊరేగింపే!

ఆ ముచ్చట ఒక్క వరసతోనే సరి. వెనక్కి తిరిగి చూస్తే కోసిన గడ్డి మీద అడ్డంగా చారలు. ఒకచోట పొట్టిగా, ఒకచోట బొటనవేలంత పొడుగ్గా, మళ్లీ పొట్టిగా. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు, టేపు పెట్టి కొలిచినట్టు సమంగా. నడిచి కోసిన పక్క వరసలో ఒక్క చార లేదు.

"అయిపోయిందండీ. రేపు పొద్దున ఆయనొస్తాడు," అని సాంబయ్య గారు సీటు దిగకుండానే తల పట్టుకున్నారు.

నాకు మాత్రం, తప్పు నాదే అని తెలుస్తున్నా, లోపల ఒకటే కుతూహలం. పాడు పని ఎప్పుడూ గజిబిజిగా ఉంటుంది. ఇంత లెక్కగా పాడవడం నేనెక్కడా చూడలేదు. ముందు నా బండి చక్రం మీద అనుమానం. చక్రం వంకరైతే తిరిగిన ప్రతిసారీ ఒక ఎగుడు రావాలి. చక్రం మీద సుద్దగీత గీసి దొర్లించాను. ఒక చుట్టుకు నాలుగడుగులు. చారల మధ్య దూరం కొలిస్తే రెండడుగుల చిల్లర. సరిపోలేదు. మోవర్ చక్రాలు కొలిచాను, సరిపోలేదు. బ్లేడు విప్పి సమంగా నిలుస్తుందో లేదో చూశాను, నిక్షేపంగా ఉంది. యాక్సిల్ తిప్పి చూశాను. ఇంక చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

"మీరు దిగండి, నేను కోస్తా," అని ఎక్కాను. ఒక వరస కోసి చూస్తే అద్దంలా ఉంది. ఒక్క చార లేదు!

సాంబయ్య గారి మొహం పాలిపోయింది. "అంటే నాలోనే ఉందా లోపం?" అన్నారు.

"ఆగండి బాబూ, మీరు యాభై కేజీలు లేరు, నేను ఎనభై. బరువు తక్కువైతే చారలెందుకు పడతాయండీ?" అన్నాను. నిజంగానే నాకేమీ అంతుబట్టలేదు. ఆయన్ని మళ్లీ ఎక్కమన్నాను. పక్కన నడుస్తూ చూస్తే ఏమీ కనపళ్లేదు. చివరికి వరస పక్కనే లాన్ మీద బోర్లా పడుకున్నాను. గెడ్డం గడ్డికి ఆనించి, మోవర్ ముందు చక్రాల మీదే కన్నేసి, "పోనివ్వండి!" అని అరిచాను.

మోవర్ నా ముందు నుంచి పోతోంది. ముందు చక్రాలు కాస్త లేస్తున్నాయి, దిగుతున్నాయి, లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఎవరో వెనక నుంచి నొక్కుతున్నట్టు. చూపు వెనక్కి తిప్పాను. సాంబయ్య గారి కుడికాలు పలకను నొక్కుతోంది. వదిలింది. ఎడమకాలు నొక్కింది. మళ్లీ కుడికాలు. ఆయన చూపు ఎక్కడో ముందుంది, చేతులు హ్యాండిల్ మీదున్నాయి. కాళ్లు మాత్రం వాటి పనిలో అవి ఉన్నాయి.

"ఆపండి, ఆపండి!" అని లేచాను. "సాంబయ్య గారూ, కాళ్లతో ఏం చేస్తున్నారు?"

"ఏం చెయ్యట్లేదండీ, ఊరికే కూర్చున్నా."

మళ్లీ పోనిచ్చి, ఈసారి ఆయన్నే కిందికి చూసుకోమన్నాను. పది గజాలు పోయాక ఇంజను ఆయనే ఆపేశారు. వంగి తన పాదాలను చేత్తో తడిమి చూసుకున్నారు.

గుంట మగ్గం కింద గొయ్యి ఉంటుంది. నేసే మనిషి అందులో కాళ్లు పెట్టుకుని, రెండు పలకలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతుంటే పైన పడుగు దారాలు విడతాయి, వాటి మధ్య అడ్డదారం మోసే నాడె అటూ ఇటూ పోతుంది. ఆ వివరం ఆయన అప్పుడు చెప్పిందే. "ఎదురుగా టకటకా చప్పుడు, కాళ్ల కింద రెండు పలకలు. మీరు పెట్టింది అదేనండీ మస్తాన్ గారూ," అన్నారు. తర్వాత నెమ్మదిగా, "మగ్గం అమ్మేసి ఎనిమిదేళ్లయింది. కాళ్లకి చెప్పలేదు," అని నవ్వబోయారు. నవ్వు రాలేదు.

నేను పెట్టిన పలకలు సరిగ్గా హిచ్ దగ్గర ఉన్నాయి. ఆయన తొక్కినప్పుడల్లా ఆ నొక్కుడు హిచ్ మీదుగా మోవర్ వెనక భాగాన్ని కిందికి దించుతోంది, ముందు భాగం లేస్తోంది, బ్లేడు పైకి పోయి గడ్డి పొడుగ్గా మిగులుతోంది.

"నేను తొక్కకుండా చూసుకుంటాలెండి," అన్నారు. ప్రయత్నించారు కూడా. అయిదు గజాలు బిగపట్టుకున్నారు, ఆరో గజానికి కుడికాలు మొదలెట్టింది. మఠం వేసుకుని కూర్చుంటే తుంటి నొప్పి. ఇలాంటప్పుడు నా దగ్గర ఒక మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. గేటు బరువుగా ఉందన్నా, ట్రక్కు డోరు ఎత్తలేకపోతున్నామన్నా, "వాడగా వాడగా అలవాటైపోద్దిలెండి" అనేవాణ్ణి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ముప్పై ఐదేళ్ల అలవాటున్న మనిషిని పట్టుకుని ఇంకో అలవాటు చేసుకోమని ఏ మొహం పెట్టుకుని చెప్పను? మింగేశాను.

బండిని షాపుకు తెచ్చాను. పని పెద్దదేం కాదు. పాదాల కింద దూలానికి ఒక మూడో చక్రం పెట్టాను, తొక్కిన బరువు నేలకు పోయేట్టు. హిచ్ పిన్ను దూరే గుండ్రటి బెజ్జాన్ని గ్రైండరుతో నిలువుగా సాగదీశాను. అప్పుడు మోవర్ లాగుడు బండికి అందుతుంది, బండి పైకీ కిందికీ ఊగే ఊపు మాత్రం మోవరుకు పోదు. అక్కడితో అయిపోయింది. కానీ నాకు మనసొప్పలేదు. రెండు పలకలనూ కోసి తీసేసి, మడతబందులు పెట్టి, కింద స్కూటరు సీటు స్ప్రింగులు వేసి మళ్లీ బిగించాను. ఇప్పుడు తొక్కితే దిగుతాయి, వదిలితే లేస్తాయి. దేన్నీ కదపవు, దేన్నీ తిప్పవు.

సాయంత్రం ఎండ తగ్గాక సాంబయ్య గారు ఎక్కారు. పలక కాలి కింద దిగగానే ఒక్కసారి నా వైపు చూశారు. ఇంజను వేశారు. కుడికాలు, ఎడమకాలు, కుడికాలు. నేను మళ్లీ గడ్డిలో బోర్లా పడుకున్నాను. ముందు చక్రాలు నేలను వదల్లేదు. వరస చివర లేచి చూస్తే ఒక్క చార లేదు. చీకటి పడకముందే సగం లాన్ అయింది, తెల్లారాక మిగతా సగం.

శుక్రవారం మేనేజరు గారు వచ్చి, చెప్పులు విప్పి లాన్ మీద ఒక చుట్టు నడిచారు. "బాగుంది సాంబయ్యా. ఉండు," అన్నారు. అప్పటిదాకా గది గుమ్మంలో నిలబడ్డ సాంబయ్య గారి భార్య లోపలికెళ్లి నాకు టీ తెచ్చింది. భర్త కాళ్ల వైపు చూసి, "మళ్లీ నేస్తన్నాడు," అంది. సంతోషమో బాధో నాకు తెలీలేదు, రెండూ అనుకుంటాను.

పోయిన నెల ఒకాయన వచ్చారు. రిటైరయ్యాక నర్సరీ పెట్టుకున్నారట, సాంబయ్య గారి బండి చూశారట, అచ్చం అలాంటిదే కావాలన్నారు. "ఆ స్ప్రింగుల పలకలు దేనికండీ? తొక్కితే ఏమవుద్ది?" అనడిగారు.

"ఏమీ అవదు," అన్నాను. ఒకప్పుడైతే ఆ వెంటనే టేపు తీసి మోవర్ కొలతలు తీసుకునేవాణ్ణి. ఇప్పుడు ముందు మనిషినే అడుగుతున్నాను. "మీరు ఇదివరకు ఏం పని చేసేవారండీ?"

"బస్సు డ్రైవరుని. ముప్పై ఏళ్లు."

"అలాగా. అయితే రండి, ఈ స్టూలు మీద కూర్చోండి," అన్నాను. ఆయన తెచ్చిన మోవర్ స్టార్ట్ చేసి, కిందికి వంగి ఆయన కుడికాలి వైపు చూస్తూ నిలబడ్డాను.