కరుణ పెళ్లి రోజున నా కారు కాగిన వైనం

పెళ్లికూతుర్ని చర్చికి చేరుస్తానని కారెక్కించుకుని, మే నెల ఎండలో నడిరోడ్డు మీద ఉడకబెట్టిన మగవాడు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ మహానుభావుడు నేనే. ఇప్పుడు తలుచుకుంటే ముందు నవ్వొస్తుంది. నవ్వడం అయిపోయాక గుండెలో ఎక్కడో కలుక్కుమంటుంది. మీరు నవ్వు వరకూ నవ్వుకోండి, రెండోది నేను చూసుకుంటాను.

కారు నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న తెల్ల కారు. నాలుగేళ్లపాటు రోజూ పొద్దున్నే నార్సింగిలో కరుణను ఎక్కించుకుని మాదాపూర్‌లో మా ఆఫీసుకు, సాయంత్రం మళ్లీ నార్సింగికి. ఇద్దరిదీ ఒకే టీం. ఇంకొకరు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం మా ఉద్యోగం. ఆమెది ఏలూరు, నాది తెనాలి, ఆదివారం ఇద్దరం వెళ్లేది ఒకే చర్చికి. గచ్చిబౌలి దగ్గర ట్రాఫిక్ ఆగితే ఊరంతా తిట్టుకునేది. నేను మాత్రం ఇంకాసేపు ఆగితే బాగుండునని మనసులో ప్రార్థన చేసేవాణ్ని. అక్కడ ఆగితేనే ఆమె డబ్బా మూత తీసి నాకో ఇడ్లీ ముక్క పెట్టేది మరి.

ఆ నాలుగేళ్లలో మేం మాట్లాడుకోని విషయం లేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఈ రిలీజ్ అయ్యాక చెబుదాం, క్రిస్మస్ అయ్యాక చెబుదాం అనుకుంటూ ఉండగానే ఆమెకు గుంటూరు సంబంధం కుదిరిపోయింది. వరుడు విజయ్‌పాల్, బ్యాంకు ఉద్యోగి. మనిషిలో తప్పు పట్టాలని నేను చాలా కష్టపడ్డాను కానీ ఒక్కటీ దొరకలేదు.

"డానీ, చర్చికి నన్ను నీ కార్లోనే తీసుకెళ్లాలి. ఇంకో కారెక్కితే నాకు దారే తెలియదు" అంది కరుణ.

"తప్పకుండా" అన్నాను. ఇంకేమంటాం, మీరే చెప్పండి?

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? పెళ్లి కారంటే ముందు భాగాన వధూవరుల పేర్లుండాలి కదా. పూలవాడు థర్మోకోల్ బోర్డు పెడతానంటే "ఛీ, అదేం బావుంటుంది" అని, నేనే స్వయంగా కూర్చుని ఫ్లెక్సీ డిజైన్ చేశాను. ఆమె పేరు పక్కన ఇంకొకడి పేరు ఏ అక్షరాల్లో, ఎంత సైజులో ఉండాలో మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్న త్యాగమూర్తిని నేను. నాలుగడుగుల ఫ్లెక్సీ తెచ్చి, గాలికి టపటప కొట్టుకోకుండా కారు ముందు జాలీ మీద ఈ మూల నుంచి ఆ మూలకు బిగించి, పన్నెండు చోట్ల ప్లాస్టిక్ టై వేసి కట్టాను. చీమ కూడా దూరదు. వెనక్కి జరిగి చూసుకుని, కన్నీళ్లు తుడుచుకుని, ఫొటో కూడా తీసుకున్నాను.

పదిన్నరకు మా చర్చిలోనే పెళ్లి. తొమ్మిదింపావుకు నార్సింగి నుంచి బయల్దేరాం. కరుణ తెల్ల పట్టుచీరలో, తల మీద ముసుగుతో వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"వెనక్కి రామ్మా, చీర నలుగుతుంది" అన్నారు రత్నం పిన్నిగారు. ఆవిడ కరుణ తల్లికి చెల్లెలు, ఏలూరులో పంతులమ్మగా చేసి రిటైరయ్యారు.

"నా సీటు ఇదే పిన్నీ" అంది కరుణ.

గచ్చిబౌలి దాకా బాగానే సాగింది. అక్కడ ట్రాఫిక్‌లో నత్తనడక మొదలయ్యేసరికి ఏసీలోంచి వేడిగాలి కొట్టింది. మీటరు చూస్తే వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీద ఉంది.

"ఇది కారా నాయనా, పొయ్యా?" అన్నారు పిన్నిగారు.

"కంగారు పడకండి ఆంటీ. హీటరు పెడితే ఇంజను వేడి కొంత బయటికి లాగేస్తుంది" అంటూ హీటరు తిప్పాను. ఈ ముక్క నిజమేనండోయ్, తర్వాత మెకానిక్ కూడా చెప్పాడు. కాకపోతే ఆ వేడి బయటికొచ్చేది మన ముఖాల మీదికే.

"మే నెలలో హీటరేంట్రా, నీ తెలివి తగలెయ్య!" అని పిన్నిగారు పాటల కాగితంతో టపటపా విసురుకున్నారు. కరుణ ముఖానికి వేసిన పౌడరు చారలు కట్టింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఇక కారు పక్కకు ఆపి దిగాను.

పిన్నిగారు కూడా దిగి, "ప్రభువా, ఈ కారును ముట్టుము" అంటూ బానెట్ మీద చెయ్యి పెట్టి, "అబ్బా!" అని వెనక్కి లాక్కున్నారు. దేవుడు వరమిచ్చినా అవతల పాస్టరుగారికి టైమైపోతోంది. ఆటో ఏదైనా దొరుకుతుందేమో చూడమని పిన్నిగారిని ముందుకు పంపించాను. పెళ్లికళ ఉట్టిపడే ముగ్గుర్ని ఎక్కించుకునే ఆటో ఆ టైంలో అక్కడ దొరకదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా వెళ్లారు.

కరుణ వచ్చి నా పక్కన నిలబడింది. నేను బానెట్ లేపి, మోకాళ్లు రెండూ ఫ్లెక్సీకి ఆనించి, లోపలికి తొంగిచూశాను. ఇలాంటప్పుడు మా వృత్తిధర్మం ఒకటే. లక్షణాన్ని చూసి బెదరకూడదు, మూలకారణం పట్టుకోవాలి.

"కూలెంట్ నిండుగా ఉంది" అన్నాను.

"ఊఁ" అంది.

"ఫ్యాన్ తిరుగుతోంది. పైపులు ఎక్కడా కారడం లేదు. అంటే థర్మోస్టాట్ అయ్యుండాలి."

"అదేంటి?"

"చిన్న తలుపులాంటిది కరుణా. ఇంజను వేడెక్కగానే తెరుచుకోవాలి. అప్పుడే నీళ్లు రేడియేటర్‌లోకి పోయి చల్లబడి వస్తాయి. అది తెరుచుకోకపోతే లోపల లోపలే మరుగుతూ ఉంటుంది."

ఆమె నా వైపు తిరిగింది. "ఎన్నాళ్లు మరుగుతుంది అలా?"

"ఎన్నాళ్లేంటి! పావుగంటలో ఇంజను పోతుంది."

"ఇంకేమైనా ఉందా డానీ, చెప్పాల్సింది?"

"ఉంది" అన్నాను గంభీరంగా.

"చెప్పు."

"వాటర్ పంపు కూడా అయ్యుండొచ్చు."

ఆమె ముసుగు సర్దుకుని రోడ్డు వైపు తిరిగింది. ఫోన్లో వీడియో పెట్టుకుని వాటర్ పంపు పనిచేసే విధానం కూడా వివరించాను. నలభై నిమిషాలు వివరించాను. పిన్నిగారు ఉత్త చేతులతో తిరిగొచ్చారు, ఇంజను చల్లారింది, బయల్దేరాం. కిలోమీటరు పోలేదు, ముల్లు మళ్లీ ఎర్రగీత ఎక్కి కూర్చుంది.

ఈసారి మా వెనకే ఒక నీళ్ల ట్యాంకర్ ఆగింది. డ్రైవర్ దిగొచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, పేరు యాదగిరి అని తర్వాత తెలిసింది.

"ఏమైంది సార్?"

"థర్మోస్టాట్ పోయినట్టుంది. లేదా వాటర్ పంపు."

ఆయన బానెట్ లేపమని కూడా అనలేదు. కారు ముందుకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"గిదేంది?"

"ఫ్లెక్సీ. పెళ్లి కారు కదండీ."

"గది కనవడ్తనే ఉంది సార్. లోపలికి గాలి యాడికెళ్లి పోవాలె? ముక్కు, మూతి మూసి ఉరుకు అంటే మీరు ఉరుకుతరా?"

పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినవాడైనా నయం. నేను వెతికినంతసేపూ దానికే మోకాళ్లు ఆనించి నిలబడ్డాను.

ఆయన చిన్న కత్తి తీసి పన్నెండు టైలూ టకటకా కోసేశాడు. "ఇగ పది నిమిషాలు ఆగి పోన్రి. ఏం ఫికర్ లేదు. పెళ్లికొడుకు మీరేనా?"

"కాదు."

"మరి మీరెందుకు సార్ గింత పరేషాన్ అయితున్రు?"

నేను ఫ్లెక్సీ చుట్ట చుడుతూ కూర్చున్నాను.

ఆ తర్వాత కారు మంచుముక్కలా చల్లగా పరుగెత్తింది. పదకొండుకు ఐదు నిమిషాలుండగా చర్చి గేటు ముందు ఆగాం. పిన్నిగారు పాస్టరుగారికి సంజాయిషీ చెప్పుకోవడానికి పరుగెత్తారు. నేను అటువైపు వెళ్లి కరుణకు తలుపు తీశాను. ఆమె దిగలేదు.

"డానీ, ఆ ఫ్లెక్సీ సంగతి నీకు నిజంగా తెలియదా?"

"ఒట్టు, తెలియదు."

"నాకు గచ్చిబౌలి దగ్గరే తెలిసింది."

"మరి చెప్పొచ్చు కదా!"

"తప్పులు పట్టడమే నీ పని. పన్నెండు టైలు నువ్వే వేశావు. అది నీకు కనబడలేదంటే నేనెలా నమ్ముతాను? కావాలనే కారాపావనుకున్నాను. పిన్నిని కూడా పంపేశావు." ఆమె చేతిలో పూలగుత్తి సర్దుకుంది. "ఏదో చెప్తావని నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాను. వాటర్ పంపు గురించి చెప్పావు."

ఒక్కసారి నవ్వి, నా భుజం తట్టి, దిగి లోపలికి వెళ్లిపోయింది. నేను కారు తలుపు వేశాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు కావాలనిపిస్తుంది. అది ఇక నాది కాదని తెలుసు, అయినా అనిపిస్తుంది.

తర్వాత వెళ్లి చివరి వరసలో కూర్చున్నాను. "అభ్యంతరమున్నవారు ఇప్పుడే చెప్పండి, లేదా ఇకమీదట మాట్లాడకుండా ఉండండి" అన్నారు పాస్టరుగారు. రెండోది నాకు బాగా అలవాటైన పని కాబట్టి ఊరుకున్నాను. వాళ్లిద్దరూ చల్లగా ఉన్నారు, ఉండాలి కూడా.

అందుచేత సకల జనులారా, మీ అందరి ఎదుటా చెయ్యెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా కారు దారిలో ఆగితే, ముందు బానెట్ తెరవను. ముందు పక్కనున్న మనిషి ముఖం చూస్తాను. ఆ ముఖం ఏమైనా అడుగుతోందేమో కనుక్కుని, చెప్పాల్సింది చెప్పేసి, ఇంజను తగలబడిపోతున్నా సరే, ఆ తర్వాతే కూలెంట్ చూస్తాను.

ప్రమాణం చేసి మూడేళ్లయింది. పాడు కారు, ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు.