సంగటి తెడ్డు దెబ్బ

ఆ కబురు మొదట తెచ్చింది పక్కింటి మస్తానమ్మ. "మీ ఓబులేసు మామ కట్టెల గదిలో బొమ్మ కార్లకు కరెంటు రోడ్డేస్తాండాడంట పాపా" అంది. నిన్న ప్రొద్దుటూరులో మిక్సీలు బాగుచేసే అంగట్లో సీసం కరిగే వాసన తగలగానే, ఆ మాటా, నాటి భయమూ గుర్తొచ్చాయి.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఆ నెలలోనే బోరు మోటారు తీగ తగిలి మా పాడి ఎనుము చచ్చిపోయింది. నాకు ఇంట్లోనే చదువు చెప్పే అమ్మ, కరెంటు పట్టుకున్నవాళ్లను ముట్టుకోకూడదని, ఎండు కట్టెతో కొట్టి విడిపించాలని నేర్పింది.

మామ ఇంటికి పరుగెత్తి, సీసం కరిగిన వాసన కొడుతున్న ఆ గదిలోకి తొంగిచూశాను. చెక్క పలక మీద సన్నని గాడి, దానికి అటూ ఇటూ బొమ్మ కార్లకు కరెంటు అందించే రాగి రేకు. మామ వేళ్లు ఆ రాగి మీదే ఉన్నాయి, చెయ్యి గడగడా ఊగుతోంది. వంటింట్లోంచి సంగటి కెలికే తెడ్డు తెచ్చి, అహోబిలం నరసింహస్వామిని తలచుకుని ఆ వేళ్ల మీద బలంకొద్దీ కొట్టాను.

"ఏందే, నన్ను సంపుతావా?"

"నిన్ను కరెంటు పట్టుకునింది గదా మామా."

మామ నా చేతిలోని తెడ్డు చూశాడు. "రాగిని రుద్ది తుడుస్తాండా తల్లీ. ఇది ఎనుమును సంపిన కరెంటు కాదు, శానా చిన్నది. అయినా నువ్వు తెడ్డు పట్టుకోని ఈడే నిలబడు, నేను తుడుస్తా."

ఆయన ముగించేదాకా తెడ్డు ఎత్తి పట్టుకునే నిలబడ్డాను.

సాయంత్రం అత్త వాచిన వేలు చూసి అడిగితే, నాకు తిట్లు పడకుండా, బండ పడిందన్నాడు. ఆ అబద్ధాన్ని దేవుడు పుణ్యంలోనే కలిపి ఉంటాడు. మీరు దీపం పెట్టేటప్పుడు, కాలం చేసిన మా ఓబులేసు మామను ఒక్కసారి తలచుకోండి.