అన్నం ఆవిరిలో ఉడికిన అరటిపండు

ఇవాళ పొద్దున్న అనకాపల్లిలో మా కోడలు మనవడి కోసం ఆపిల్ ముక్కలు ఆవిరిమీద ఉడికించింది. పచ్చివాటికంటే తేలిగ్గా అరుగుతాయని డాక్టరు చెప్పారట. ఆ తియ్యటి వాసనకి కశింకోటలోని మా పాత వంటిల్లు గుర్తొచ్చింది. మీ ఇళ్లలోనూ వార్చిన అన్నం మీద అరటిపండ్లు పెట్టి మూతేసేవారా?

చిన్నప్పుడు మా తమ్ముడికి టైఫాయిడ్ తగ్గినా ముద్ద దిగేది కాదు. ఏం పెట్టినా కక్కేసేవాడు. అమ్మ వాడి మంచం వదిలేది కాదు. ఒకరోజు నాన్నమ్మ అన్నం గిన్నెలోంచి ఉడికిన పండు తీసి, తొక్క ఒలిచి, చిటికెడు బెల్లంతో మెదిపింది.

"మళ్ళీ కక్కేత్తాడేమో అత్తా," అంది అమ్మ భయంగా.

"ఉడికిన పండే, కడుపుకి బరువుండదు. నువ్వు సూడు," అంది నాన్నమ్మ.

తమ్ముడు ఒక ముద్ద మింగాడు. అందరం వాడి మొహమే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి వాడే, "ఇంకొంచెం ఎట్టు నాన్నమ్మా," అన్నాడు.

నాన్నమ్మ వాడికి పెట్టి, ఇంకో పండు మెదిపి ఆ పళ్లెం అమ్మ చేతికిచ్చింది.

"ఆడు తిన్నాడు గదా, ఇంక నువ్వూ తినవే."

అమ్మ ఏడుస్తూనే తింది. తమ్ముడికి జ్వరం వచ్చాక ఆవిడ పళ్లెం ఖాళీ చేయడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.