చెంబు జరిపిందెవరు?

పక్షవాతం వచ్చి తగ్గి, కాలూ చెయ్యీ మళ్లీ ఆడటం మొదలయ్యాక, మా ఇంట్లో నా మీద కుట్ర జరుగుతోందని గట్టిగా నమ్మాను. ఎదురుగా కనిపిస్తున్న చెంబు కోసం చెయ్యి చాపితే వేళ్లకు ఖాళీ స్టూలే తగిలేది. చెంబు జానెడు పక్కన ఉండేది.

ఇంకెవరు జరుపుతారు? నా పెళ్లాం, దాని తమ్ముడు. నేను కోలుకోలేదని తేలితే నా పడవ వాడి చేతికి పోతుంది. శ్రీకాకుళంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిందీ వాడే. “చూపు బాగుంది, చెయ్యి బాగుంది. ఆ రెండింటినీ కలిపే చోట మెదడు దెబ్బతింది” అన్నాడాయన. మా బావమరిది తలాడించిన తీరు చూసి, ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారనుకున్నాను.

మరి వల మాటేమిటి? పొద్దున్నే అరుగు మీద కూర్చుని, సముద్రం వైపు చూస్తూ, తెగిన వలను చకచకా బాగుచేసేవాణ్ణి. మా పేటలో మనిషి బాగున్నాడా లేదా అన్నది వల దగ్గరే తేలుస్తారు. నా ముడి ఒక్కటీ జారలేదు.

“బావా, నీటి మీద తాడు ఇసిరితే అందుకోగలవేటి?” అన్నాడు బావమరిది.

“ఒరే, ముందు నువ్వు చెంబు జరపడం మానెయ్. తాడు సంగతి నాను సూసుకుంటాను.”

“ఎవులు జరిపినారు మావా?” అని నా పెళ్లాం కళ్లొత్తుకుంది. అదీ నటనే అనుకున్నాను.

మర్నాడు వాళ్లను రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలని తలుపు గడియ పెట్టాను. చెంబు మెడకు వల దారం కట్టి, తడుముకుంటూ చెంబును కిటికీ ఊచకు కదలకుండా బిగించాను. రెండో కొస ఎడమ చేతికి చుట్టుకుని మంచం మీద కూర్చున్నాను.

చెంబునే చూస్తూ కుడిచెయ్యి చాపాను. గోడ తగిలింది. మళ్లీ చాపాను, మళ్లీ గోడే. దారం కదల్లేదు. పెరట్లో నా పెళ్లాం చేపలు తోముతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

కళ్లు మూసుకుని దారం వెంట వేళ్లు పోనిచ్చాను. చెంబు దొరికింది. అప్పుడేసింది నాకు అసలైన భయం.

తలుపు తీస్తే గుమ్మం కింద బావమరిది, వేటకు బయల్దేరుతూ.

“పడవ నువ్వే ఏసుకెళ్లు” అన్నాను.

“నీ పడవ నీదే బావా. ఒడ్డున వల సూసుకో, సాలు” అని, నన్ను మెట్టు దింపడానికి చెయ్యి చాపాడు.

చూస్తూనే పట్టుకోబోయాను. దొరకలేదు. ఈసారి మాత్రం వాడు నిజంగానే జరిపాడు, తన చేతిని, నా చేతికి అందేలా.