స్టీరింగ్ కింద టక్... టక్...

మా చిన్నప్పుడు... పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో మా ఇంటి ముందు మలుపు తిరిగేటప్పుడు నాన్న కారు కిర్రుమనేది. నూనె లేని తలుపు బందులా. అమ్మ పొయ్యి దగ్గర నుంచే "వచ్చాడు మీ నాన్న" అనేది.

తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకు ఈ దీవులకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. పడవ వదిలి స్టీరింగ్ పట్టిన మొదటివాడు మా నాన్న. ఆ పాత కారును కిరాయికి తిప్పేవాడు.

ఒక వానాకాలం నాన్న కారు కిందకు దూరి గ్రీజు పెట్టాడు. కిర్రు పోయింది... హమ్మయ్య అనుకున్నాం. కానీ ఆ కిర్రు చాటున ఇన్నాళ్లూ దాక్కున్న ఇంకో చప్పుడు బయటపడింది. స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ, మా కాళ్ల కింద నుంచి, ఎవరో వేలి కణుపుతో తట్టినట్టు... టక్.

నాన్న అమ్మను తీసుకెళ్లి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు.

"నాకేటి తెలుసయ్యా బండి సంగతి?"

"తెలియక్కర్లేదే. ఎడమకి కొంచెం, కుడికి కొంచెం... ఊరికే ఊపుతా ఉండు."

అమ్మ ఊపింది. నాన్న కింద పడుకుని ఒక్కో అతుకు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఎడమ చక్రం దగ్గర ఆగిపోయాడు. "ఇంకోపాలి తిప్పు... ఇంకోపాలి..." బయటికి వచ్చేసరికి ఆయన ముఖంలో నవ్వు లేదు.

స్టీరింగ్‌ని చక్రంతో కలిపే రాడ్డు చివర, గిన్నెలో ఇనప గుండు పెట్టినట్టు ఒక జాయింటు ఉంటుంది. అది అరిగిపోయింది. గుండు గిన్నెలోంచి ఊడిందా... ఆ చక్రం ఇక తన ఇష్టం వచ్చిన వైపు పోతుంది.

పోర్ట్‌బ్లెయిర్ దుకాణాల్లో ఆ జాయింటు లేదు. చెన్నై నుంచి ఓడలో రావాలి. సముద్రం బాగోలేక ఓడ కదలలేదు. "అదొచ్చే వరకూ బండి తియ్యను" అన్నాడు నాన్న.

అప్పుడే రంగత్ నుంచి ఫోనొచ్చింది. అక్కడ కాపురం ఉంటున్న పిన్నికి నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. తల్లి లేని పిల్ల... అమ్మే పెంచింది. ఉన్న ఒక్క బస్సూ తెల్లారే వెళ్లిపోయింది.

"నువ్వు తియ్యకపోతే నడిచి పోతాను" అంది అమ్మ. అరవలేదు, ఏడవలేదు.

నాన్న చాలాసేపు కారు వైపు చూశాడు. "ఠీక్ హై... మెల్లగా పోదారి" అన్నాడు. జాయింటు చుట్టూ ఇనప తీగ బిగించి కట్టాడు. అమ్మ, నేను, తమ్ముడు ఎక్కాం.

రంగత్ దారి జరావా ఆదివాసుల అడవిలోంచి వెళుతుంది. చెక్‌పోస్ట్ దగ్గర బండ్లన్నీ ఒక వరసగా కలిసి, ముందు నడిచే పోలీసు బండి వెంట కదలాలి. లోపల ఎవరూ ఆగకూడదు, దిగకూడదు. గేటు దగ్గర నాన్న ఒక్క క్షణం వెనక్కి మా వైపు చూశాడు. వెనక లారీ హారన్ కొట్టింది. కదిలాం.

వాన. రెండు వైపులా ఆకాశం కనిపించనంత అడవి. ప్రతి మలుపులో టక్... ప్రతి గుంతలో టక్ టక్... లోయ ఎటు వైపుంటే అటు నుంచి తమ్ముణ్ని నా వైపు లాక్కునేదాన్ని. వాడికి ఏమీ తెలియదు, నిద్రపోతున్నాడు.

సగం దారిలో చప్పుడు ఆగిపోయింది.

"తగ్గిపోయిందయ్యా!" అంది అమ్మ.

నాన్న మెడ మీద చెమట కారుతోంది. "తగ్గడం కాదు. గుండు పక్కకి ఒరిగిపోయినట్టుంది... మాటాడకు" అన్నాడు.

ఆ నిశ్శబ్దంలోనే మిగిలిన అడవంతా దాటాం. ఆ టక్ మళ్లీ వినిపిస్తే బాగుండునని నేను దేవుణ్ని అడిగాను... నిజంగా అడిగాను.

అడవి అయిపోయాక సముద్రపు కాలవ. బండ్లు బార్జి, అంటే పెద్ద బల్లకట్టు, ఎక్కి అవతలికి దాటాలి. మనుషులు ముందే దిగిపోవాలి కాబట్టి మేం జెట్టీ మీద నిలబడ్డాం. నాన్న ఒక్కడే కారును మెల్లగా ర్యాంపు మీదకు పోనిచ్చి, బార్జిలోకి మళ్లించడానికి స్టీరింగ్ పూర్తిగా తిప్పాడు.

ఠప్!

కుడి చక్రం బార్జి వైపు... ఎడమ చక్రం నీళ్ల వైపు. కారు అడ్డంగా జారింది. "రోకో! రోకో!" అని బార్జి వాళ్ల కేకలు. అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు విరిగి నాకు గుచ్చుకుంది. ర్యాంపు అంచున ముందు చక్రం ఆగింది. దాని కింద మొసళ్లు తిరిగే నల్లటి నీళ్లు.

ఇద్దరు చక్రాల కింద దిమ్మలు తోశారు. వెనక లారీకి మోకు కట్టి కారును వెనక్కి లాగారు. లారీ డ్రైవరు వంగి, ఊడిపోయి వేలాడుతున్న రాడ్డును చూశాడు.

"భయ్యా... జంగల్ మే నికల్ జాతా తో?" అన్నాడు.

అడవిలోనే ఊడిపోయి ఉంటే ఏమయ్యేదని. నాన్న ఆ జెట్టీ మీదే కూలబడ్డాడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ... అమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

కారును అక్కడే వదిలి, ఆ లారీలోనే రంగత్ చేరాం. పిన్ని గట్టెక్కింది, చెల్లాయి పుట్టింది. అమ్మ పాపను ఎత్తుకుని అప్పుడు ఏడ్చింది... ఎందుకు ఏడుస్తోందో అక్కడెవరికీ అర్థం కాలేదు, మాకు తప్ప. ఓడ వచ్చాక నాన్న ఆ జెట్టీ దగ్గరే కొత్త జాయింటు వేసి, బండిని ఇంటికి తెచ్చాడు.

ఇప్పుడు నేనే ఒక కొత్త కారు నడుపుతున్నాను. ఒక్క వేలితో తిరిగే స్టీరింగ్... మూసిన అద్దాలు, ఏసీ, పాటలు. మొన్న నాన్నను ఎక్కించుకుని ఊళ్లోనే చాతం వైపు వెళ్తుంటే, ఆయన చెయ్యి చాచి పాట ఆపేశాడు. అద్దం దించాడు.

"ఏటి నాన్నా?"

"ఏం లేదమ్మా. నువ్వు పోనీ."

దారంతా తల వంచి వింటూ కూర్చున్నాడు. నాకేమీ వినిపించలేదు... బండి బాగుందో, నాకే వినడం రాదో ఇప్పటికీ తెలియడం లేదు.

మీ ఇంట్లోనూ అందరూ మాట మానేసి చెవి ఒగ్గిన చప్పుడు ఏదైనా ఉందా... ఉంటే రాయండి, ఒక్కొక్కటీ చదువుతాను.