మెరుపుకు విసనకర్ర అడ్డం

మా వదినగారు పోయారన్న కబురు గుడివాడలో నాకు పొద్దున్నే ఫోనులో అందింది. మర్నాటి పేపరులో ఆవిడ ‘అందరి అభిమానం చూరగొన్న సైన్సు టీచరు’. చూరగొన్నది ఏమిటో నాకు తెలుసు కనకే ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో బందరులో వేసవి సాయంత్రాలు కరెంటు ఉండేది కాదు. చీకటి పడగానే వదినగారు తాటాకు విసనకర్ర పట్టుకుని డాబా ఎక్కేవారు. దివిసీమకు అవతల, సముద్రం మీద ఎక్కడో వాన. ఉరుము వినపడనంత దూరం. ఆవిడ విసురుకోవడం ఆపి, చెయ్యి చాపి, విసనకర్రను మేఘానికి అడ్డం పెట్టేవారు.

“అందరూ మెరుపునే చూస్తారు మరిదిగారూ. దాన్ని కప్పేసి పైన చూడండి.”

నాకేమీ కనపడేది కాదు. ఆవిడకు ఒక సాయంత్రం కనపడింది. మేఘానికి చాలా పైన, ఎర్రటి వేళ్ళు దిగినట్టు ఒక వెలుగు. రెప్ప వేసేలోగా మాయం.

అది పదో తరగతిలో చెప్పారు. హెడ్మాస్టరు స్టాఫ్‌రూములో అందరి ముందూ నవ్వాడు. “మేఘం మీద మంటలేంటమ్మా? కళ్ళజోడు మార్పించుకోండి. పొరపాటు పడ్డానని పిల్లలకి చెప్పేయండి, గొడవ వదిలిపోద్ది.”

“చూశానండీ. చూడలేదని ఎలా చెప్పను?”

ఆవిడ దగ్గర సైన్సు తీసేసి ఆరో తరగతికి కుట్టుపని ఇచ్చారు. రిటైరయ్యేదాకా అదే.

కొన్నేళ్ళకు ఒక ఇంగ్లీషు పత్రికలో చదివాను. బలమైన పిడుగు నేలకు దిగినప్పుడు, మేఘానికి ఎంతో ఎత్తున, గాలి పలచబడిన చోట, అందులోని నైట్రోజన్ ఒక్క క్షణం ఎర్రగా వెలుగుతుందట. ఫోటోలు కూడా తీశారు. వెంటనే బందరు బస్సెక్కాను. పామర్రు దాకా నిలబడే వెళ్ళాను.

“పదండి వదినా, ఇది ఆ హెడ్మాస్టరు మొహాన కొట్టొద్దాం.”

ఆవిడ మొత్తం చదివి, పత్రిక మడిచి ఇచ్చేశారు. “ఆయన్ని ఆకాశం చూడమన్నాను గానీ పేపరు చూడమన్నానా? కూర్చోండి, కాఫీ తాగుదురుగాని.”

నేనంత మంచివాణ్ణి కాను. పెద్దకర్మ నాటి సాయంత్రం ఆ హెడ్మాస్టరు వచ్చి, మేడమ్‌గారి శాస్త్రీయ దృష్టి గురించి చెబుతూ ఉండగా కరెంటు పోయింది. గోడకున్న విసనకర్ర తీసుకుని ఆయన్ని డాబా మీదికి నడిపించాను. దివిసీమ అవతల మెరుస్తోంది.

“ఆవిడ ఎటు చూసేవారండీ?” గొంతు తగ్గించి అడిగాడు.

చెప్పాను. విసనకర్ర కోసం చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. అది మా వదినది.

చాపిన ఆ అరచేతినే మెరుపుకు అడ్డం పెట్టుకుని, పైనున్న చీకట్లోకి చూస్తూ ఆ ముసలాయన అలాగే నిలబడిపోయాడు.