పిన్ని గోదావరి దాటిన రోజు

నా చిన్నప్పుడు నేను కొత్తపేట దగ్గరి పల్లెలో అమ్మమ్మ గారింట్లో ఉండి చదువుకునేదాన్ని. ఆ ఏడు మా పిన్ని ఏడో నెల కడుపుతో పుట్టింటికి వచ్చింది. మొదటి కాన్పులో బిడ్డ కడుపులోనే పోయింది కాబట్టి, ఇంట్లో ఆమెను కాలు కింద పెట్టనిచ్చేవారు కాదు. ఎనిమిదో నెల రాగానే ఆమెకు దురద మొదలైంది.

వేపాకు వేసి కాచిన నీళ్లు పోశారు, చందనం పూశారు, నేను రోజూ కొబ్బరినూనె రాసేదాన్ని. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి, కడుపులో బిడ్డకు జుట్టు మొలుస్తోందని, పిల్ల బారెడు జడతో పుడుతుందని నవ్వి పోయేవారు. ఆ నవ్వులు వింటే నాకు ఒళ్లు మండేది. పిన్నికి దురద కడుపు మీద కాదు, అరచేతుల్లో, అరికాళ్లలో. ఒంటిమీద ఒక్క పొక్కు లేదు. పెరట్లో ఆరబోసిన కొబ్బరి డొక్కల పీచుకేసి రక్తం వచ్చేలా పాదాలు రుద్దుకునేది. అరికాళ్లలో జుట్టు మొలిపించే బిడ్డ ఎక్కడైనా ఉంటుందా?

ఒక సాయంత్రం నేను నూనె రాస్తుంటే, పిన్ని అమ్మమ్మతో మెల్లగా అంది. "అప్పుడూ ఇలాగే దురదొచ్చిందమ్మా. అందరూ జుట్టన్నారని ఊరుకున్నాను."

మర్నాడు పొద్దున్నే అమ్మమ్మ కొంగు బిగించి నడుముకు దోపుకుంది. ఆడ డాక్టరున్న పెద్దాసుపత్రికి వెళ్లాలంటే రావులపాలెం మీదుగా గోదావరి వంతెన దాటాలి. ఏడో నెల పడ్డాక కడుపుతో ఉన్న మనిషి ఏరు దాటకూడదన్నది మా ఇంటి పట్టింపు. వేదం చదువుకున్న మా తాతయ్య వీధి గుమ్మంలో నిలబడి, ఒకసారి పోగొట్టుకున్నాం, మళ్లీ దోషం కొనితెచ్చుకోవద్దన్నారు. ఆయనకు ఎదురు చెప్పిన అమ్మమ్మను నేనంతవరకు చూడలేదు.

"పుట్టింటికి రావడానికి అది మూడు కాలవలు దాటొచ్చిందండి. ఆ నీళ్లూ గోదారివేనండి. అప్పుడు లేని దోషం ఆసుపత్రికెళ్తే వస్తుందాండీ?"

తాతయ్య గుమ్మం వదిలి పక్కకు జరిగారు.

నన్నూ వెంట తీసుకెళ్లారు. బస్సు వంతెన ఎక్కగానే పిన్ని కళ్లు మూసుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అమ్మమ్మ ఆమె గడ్డం పట్టి కిటికీ వైపు తిప్పింది. "కళ్లు తెరవవే. నీళ్లే కదా, చూడు."

డాక్టరమ్మ రక్త పరీక్ష చేయించి, కాలేయం సరిగా పనిచేయడం లేదని, ఇలాంటి దురదను వదిలేస్తే బిడ్డకు ప్రమాదమని చెప్పింది. పిన్నిని అక్కడే ఉంచి కనిపెట్టుకుని చూసి, నెలలు పూర్తిగా నిండకముందే కాన్పు చేశారు. ఆడపిల్ల. బారెడు జడ మాట దేవుడెరుగు, తల మీద పట్టుమని పది వెంట్రుకలు లేవు. బారసాల అయ్యాక అమ్మమ్మ ఆ బోడితలను ఇరుగుపొరుగు ఒక్కొక్కరి ఒళ్లో పెట్టి మరీ చూపించింది.

ఇప్పుడు నేనే అమ్మమ్మను. కడుపుతో ఉన్న పిల్ల ఏదైనా బాధ చెప్పుకుంటే, పక్కనున్న పెద్దవాళ్లు ఇవన్నీ మామూలేనని నవ్వేస్తుంటారు. నేను వాళ్లతో వాదించను. మామూలో కాదో డాక్టరు చెప్పాలి. కొంగు నడుముకు దోపుకుని, ఆ పిల్లను చెయ్యి పట్టుకుని లేవదీస్తాను.